బతికినట్టు రాసిన పిల్లలు

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయికి చెప్పలేదు, డైరీలో కూడా తిన్నగా రాయలేదు. చచ్చిపోయిన పెంగ్విన్ పిల్లల్ని నేను బతికి ఉన్నట్టు లెక్క రాశాను. పొరపాటున కాదు. చచ్చిపోయాయని తెలిసే రాశాను.

ఎమ్మెస్సీ అయిపోయి ప్రాజెక్టు ఉద్యోగాల కోసం చూస్తున్న చెల్లెళ్ళు, తమ్ముళ్ళు ఎవరైనా చదువుతారేమోనని ఇప్పుడు రాస్తున్నాను. నాది రిటైరయ్యే వయసు కాదు. కానీ ఆ పనినుంచి మాత్రం రిటైరయ్యాను. ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో లైబ్రరీ చూసుకుంటున్నాను. పుస్తకాలు లెక్కపెడతాను. అవి చావవు.

వరంగల్లో పెంగ్విన్ల పని ఏమిటని నన్ను చాలామంది అడిగారు. అంటార్కిటికా ఒడ్డున, మన దేశం వాళ్ళు ఉండే స్టేషన్‌కు కొంత దూరంలో ఒక రాళ్ళ దిబ్బ ఉంది. దాని మీద పెంగ్విన్లు గులకరాళ్ళు ఏరి తెచ్చుకుని గూళ్ళు పేర్చుకుంటాయి. వాటికి ఎదురుగా ఇనుపకాళ్ళ మీద ఒక కెమెరా బిగించారు. అది గంటకొక ఫొటో తీస్తుంది. అక్కడి వేసవిలో పొద్దు గూకదు కాబట్టి రోజుకు ఇరవై నాలుగు ఫొటోలు. వాటి డిస్కు ఓడలో వచ్చి, చేతులు మారి మారి, హనుమకొండలో ఒక కాలేజీ రెండో అంతస్తులో ఉన్న మా సార్ బల్ల మీదికి చేరేసరికి ఏడెనిమిది నెలలు పట్టేది. అంటే మేము చూసేదంతా ఎప్పుడో జరిగిపోయింది. మేము జాలిపడినా వాటికి అందదు. చేరిన మొదటి వారంలో ఈ మాట డైరీలో రాసుకున్నాను, చాలా గొప్పగా ఉందనుకుని.

లెక్కపెట్టడానికి ఇద్దరం ఉండేవాళ్ళం. నేను, ఆపా. ఉర్దూలో అక్క అని, అందరం ఆమెను అట్లాగే పిలిచేవాళ్ళం. ఆపాకు నలభై ఎనిమిదేళ్ళు. అంతకుముందు పదిహేనేళ్ళు ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేసింది. మైక్రోస్కోపులో కణాలు లెక్కపెట్టిన మనిషి అని సార్ ఏరి మరీ తెచ్చుకున్నారు. ఆమె భర్తకు స్కూటర్ యాక్సిడెంట్లో నడుము దెబ్బతిని, ఇంటిపట్టునే ఉండేవాడు. బిడ్డ నర్సింగ్ చదువుతోంది. ఇల్లు ఆపా కళ్ళ మీద నడిచేది. ఇది మాట వరసకు అనడం లేదు.

నేను నర్సంపేట అవతలి ఊరినుంచి వచ్చాను. మాకు పత్తిచేను. నాకు నలుగురిలో నోరు పెగలదు. ఇంటర్వ్యూలో సార్ అడిగిన మూడు ప్రశ్నలకు కలిపి ఆరు మాటలు చెప్పానేమో. అయినా తీసుకున్నారు. "లెక్కపెట్టేవాళ్ళు మాట్లాడకుంటేనే నయం" అన్నారట తరువాత ఆపాతో. ఆపా మాత్రం మొదటి రోజే నన్ను చూసి, "ఏంది చెల్లె, గొంతు ఇంట్ల పెట్టి వచ్చినవా?" అంది.

ఆమె లేకపోతే ఆ గదిలో నేను నెల కూడా ఉండేదాన్ని కాను. పెంగ్విన్లను ఆమె వకీలు సాబులనేది. మా కిటికీలోంచి సుబేదారి వైపు పోయే రోడ్డు కనపడేది. పదిన్నరకు నల్లకోట్ల వకీళ్ళు బండ్ల మీద కోర్టుకు పోతూ ఉండేవాళ్ళు. బయట వాళ్ళను, తెర మీద వీటిని మార్చి మార్చి చూసి ఆమెకు ఆ పేరు తట్టింది. ఈ పక్షులకు పక్కగూటి రాయి దొంగిలించే అలవాటుంది. అది కంటపడ్డ ప్రతిసారీ, "ఇగో, సీనియర్ వకీలు జూనియర్ వకీలు రాయి ఎత్తుకపోతాండు, కేసు రాసుకో" అనేది. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. పగలంతా ఏసీ గదిలో, వేలకొద్దీ నల్లచుక్కల ముందు, మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు ఇవే.

పని పద్ధతి చెప్పాలి. చెప్పకపోతే జరిగింది అర్థం కాదు.

ఒకే ఫొటోను ఇద్దరం విడివిడిగా లెక్కపెట్టాలి. ఒకరి అంకె ఒకరు చూడకూడదు. కంప్యూటర్లో అయితే ఎవరైనా చెరిపేసి మార్చగలరని సార్ కాగితం ఫారాలు అచ్చు వేయించారు. పెన్నుతోనే రాయాలి. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేసి, పక్కన కొత్త అంకె వేసి సంతకం పెట్టాలి. కొట్టేసిన అంకె కనపడుతూ ఉండాలి. పిల్లలకు మూడు గడులు ఉండేవి: బతికి ఉన్నవి, చనిపోయినవి, కనపడలేదు. చలికి పిల్లలు నేలకు అతుక్కుని నిద్రపోతాయి. చచ్చినదీ అట్లాగే పడి ఉంటుంది. కాబట్టి వరుసగా మూడు ఫొటోల్లో రవ్వంత కూడా కదలని పిల్లను చనిపోయినట్టు రాయాలి. శనివారం ఇద్దరి ఫారాలూ సార్ పక్కపక్కన పెట్టి చూస్తారు. బాగా తేడా వస్తే మళ్ళీ మొదటినుంచి.

ఆ ఏడాది మాకు వచ్చిన ఫొటోల్లో జనవరి నడిమికల్లా పిల్లలు కోడిపిల్లల సైజు దాటి, ఒళ్ళంతా బూడిదరంగు నూగుతో, గుంపులు గుంపులుగా నిలబడేవి. ఒక చదునురాయి పక్కన పదకొండు పిల్లలు ఎప్పుడూ ఒక్కచోటే ఉండేవి. వాటిని చూడకుండా నా రోజు మొదలయ్యేది కాదు. లెక్కలో ఇష్టాలు పెట్టుకోకూడదని సార్ చెప్పే ఉన్నారు.

వాటి నూగు మంచును ఆపుతుంది గాని నీళ్ళను ఆపదు. ఆ చోట వేసవిలో కూడా మంచే పడాలి. వాన పడకూడదు. ఆ జనవరిలో వాన పడింది.

మొదట అద్దం మీద నీటిచుక్కలు కనపడ్డాయి. పది ఫొటోల దాకా అంతా మసక. తరువాత గాలి వచ్చి అద్దం ఆరింది. పెద్ద పక్షులు నిలబడే ఉన్నాయి. పిల్లల నూగు తడిసి ఒంటికి అంటుకుని, సగానికి సగం చిక్కిపోయినట్టున్నాయి. ఆ తరువాతి ఫొటోల్లో కొన్ని పడిపోయి ఉన్నాయి. చదునురాయి పక్కన పదకొండూ పడిపోయి ఉన్నాయి.

నేను ఆ ఫొటోలు చూసిన రోజు నవంబరులో ఒక బుధవారం. తుఫాను పట్టి మూడు రోజులుగా ఇక్కడా ముసురే. మధ్యాహ్నం నాన్న ఫోన్ చేశాడు. ఏరిన పత్తిని నర్సంపేట మార్కెట్టుకు తోలుకుపోయారట. దించుతుండగానే వాన అందుకుందట. "పట్టా కప్పేలోపే తడిసిపాయె బిడ్డా. పిండితే నీళ్ళు కారుతానయ్" అన్నాడు. నాన్న గొంతు మామూలుగానే ఉంది. అందుకే భయమేసింది. ఊఁ అన్నాను. ఆయనే, "సరే, పని చేసుకో" అని పెట్టేశాడు.

వచ్చి తెర ముందు కూర్చున్నాను. తడిసిన నూగు నేల మీద ముద్దలు ముద్దలుగా ఉంది. మూడు ఫొటోలు చూశాను. ఏ పిల్లా కదలలేదు. ఆరు చూశాను. తొమ్మిదో ఫొటోలో స్కువా అనే గోధుమరంగు పక్షి వచ్చి ఒక పిల్లను పొడుస్తోంది. పక్కనే పెద్ద పెంగ్విన్ ఎటో చూస్తూ నిలబడి ఉంది. ఇంక అనుమానానికి చోటు లేదు.

పెన్ను 'చనిపోయినవి' గడి మీదికి పోయింది, ఆగింది. ఈ రోజు ఇంకొక చావు నా చేత్తో రాయలేననిపించింది. పదకొండునూ 'బతికి ఉన్నవి'లో వేశాను. తక్కిన గుంపుల్లో పడి ఉన్నవాటినీ అందులోనే కలిపాను. ఒక్క ఫొటోయే కదా, రేపు సరిగ్గా రాద్దామనుకున్నాను.

మర్నాడు సరిగ్గా రాస్తే, నిన్నటి దాకా బతికున్నవన్నీ ఒక్క గంటలో ఎట్లా పోయాయని సార్ అడుగుతారు. కాబట్టి రెండో రోజూ బతికించాను. మూడో రోజూ బతికించాను. నాలుగో రోజు ఫొటోల్లో మంచు కురిసి అన్నిటినీ కప్పేసింది. ఎంత నిశ్చింత కలిగిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. 'కనపడలేదు' గడిలో రాసి ఊపిరి పీల్చుకున్నాను. నా ఫారాల్లో ఒక్క కొట్టివేత లేదు. ముత్యాల్లాంటి అంకెలు. పిల్లలు ఎవరూ చావకుండానే మాయమయ్యారు.

ఇదే రోజుల్లో ఇంకొకటి జరిగింది. అదీ నాకు తెలుసు. ఆపాకు కంట్లో పొర కమ్ముతోంది. దవాఖానలో ఆపరేషన్ చేయాలన్నారట. చేయించుకుంటే కొన్నాళ్ళు తెర ముందు కూర్చోకూడదు. కొన్నాళ్ళు కూర్చోకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. అందుకని నాకు తప్ప ఎవరికీ చెప్పకుండా తెరకు మొహం ఆనించి చూసేది. నేను మధ్యాహ్నాలు డబ్బా తిని, నవల ఒకటి పట్టుకుని కింద మెట్ల మీదికి పోయేదాన్ని. ఒకరోజు తిరిగి వచ్చేసరికి, బోర్లా పెట్టిపోయిన నా ఫారాల కట్ట వెల్లకిలా ఉంది. ఆపా తలెత్తలేదు. నేనూ ఏమీ అడగలేదు. అడగకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

నిజం చెప్పాలంటే లోపల కొంచెం పొంగిపోయాను. అంత అనుభవం ఉన్న మనిషి నా లెక్క చూసుకుంటోందని. ఆ వారం నా లెక్క ఎట్లాంటిదో ఆ పొంగులో గుర్తు రాలేదు. ఆ శనివారం ఇద్దరి అంకెలూ దగ్గరదగ్గరగా వచ్చాయి. సార్ సంతోషించి టీ తెప్పించారు.

కెమెరా దింపడానికి ఆ దిబ్బ మీదికి నడిచి పోయిన మనుషులు ఉంటారు కదా. వాళ్ళు నేల మీద చూసింది చూసినట్టు ఒక నోట్ రాశారు. మంచు కరిగిన చోటల్లా పిల్లల కళేబరాలు. ఆ నోట్ సార్ మాకు చూపించలేదు. ముందే తెలిస్తే కన్ను దానికి లొంగుతుందని, అది రివ్యూ రోజు వరకు ప్రాజెక్టులోని వేరే ఊరి వాళ్ళ దగ్గరే ఉంచమన్నారు. మంచి పద్ధతే. దానికే మేము దొరికాం.

రివ్యూ ఫిబ్రవరిలో. మా లెక్క తనిఖీ చేయడానికి ఇద్దరు వచ్చారు. ఒకరు పెద్దాయన. ఇంకొకరు ఆ దిబ్బ మీద స్వయంగా నడిచివచ్చిన మేడమ్. అట్లాంటి వానలు ఇప్పుడు మాటిమాటికీ వస్తున్నాయని, ఇట్లాంటి లెక్క లేకపోతే ఆ మాట ఎవరూ నమ్మరని ఆమె పొద్దున్నే చెప్పింది. తరువాత నోట్ తీసి ముందు పెట్టుకుని మా ఫారాలు అడిగింది.

మేడమ్ ముందు నావి చూసింది. తరువాత ఆపావి తిప్పుతూ ఒకచోట ఆగింది. వాన తరువాతి మూడు రోజుల ఫారాల్లో 'చనిపోయినవి' గడి నిండా అంకెలు. అన్నిటి మీదా ఒక్కొక్క గీత. పక్కన కొత్త అంకెలు, సంతకాలు. కొత్తవన్నీ నా అంకెలకు కొంచెం అటూ ఇటూ. కింద నుంచి కనపడుతున్న పాత అంకెలు నేల మీది నోట్‌కు సరిపోతున్నాయి.

ఎందుకు కొట్టేశారని మేడమ్ అడిగింది. ఆపా లేచి నిలబడింది. "నా కండ్ల మీద నాకే నమ్మకం లేకుండె మేడం" అంది.

సార్ మొహం చిన్నదయింది. "ఈమె ఫారం చూసి దిద్దినవా?" అన్నారు.

"చూసిన సార్. తప్పు నాదే. ఆ పిల్లకు తెల్వదు."

అప్పుడు మేడమ్ నా వైపు తిరిగింది. వాన వెలిసిన తరువాతి ఫొటోను గోడ మీద పెద్దగా వేసింది. చదునురాయి పక్కన పదకొండు ముద్దలు, ఒక్కొక్కటి అరచేయంత. కోపం ఏమీ లేకుండానే అడిగింది, ఇవి నీకు బతికి ఉన్నట్టే కనపడ్డాయా అని.

ఇక్కడే అంతా ఉంది. లేదు మేడమ్, తెలిసే రాశాను అంటే సరిపోయేది. అప్పుడు ఆపా చూసి రాసిన మనిషి అయినా, కన్ను పోయిన మనిషి కాదు. సరిగ్గా చూసి, నన్ను నమ్మి చెడిపోయిన మనిషి అవుతుంది. దానికీ దీనికీ చాలా తేడా ఉంది. సార్ ఆమెను ఉంచుకునేవారేమో. నన్ను పంపేసేవారు. పంపేస్తే నేను తడిసిన పత్తి ఉన్న ఇంటికి పోవాలి. ఇవన్నీ ఆ క్షణంలో ఆలోచించానని చెప్పను. ఆలోచన ఏమీ రాలేదు. అందరూ నన్నే చూస్తున్నారన్నది ఒక్కటే తెలుసు.

"అట్లనే కనపడ్డయ్ మేడమ్" అన్నాను.

మేడమ్ తల ఊపింది. కొత్త కళ్ళకు ఇట్లాంటి పొరపాటు సహజమంది. చూసి రాయడం మాత్రం సహజం కాదని సార్‌తో ఇంగ్లీషులో చెప్పింది. ఆపాకు ఇంగ్లీషు అర్థమవుతుందని ఆమెకు తెలియదు.

నెలాఖరునుంచి రావద్దని ఆపాకు చెప్పారు. నన్ను ఉంచారు. ఆ నాలుగు రోజుల ఫొటోలనూ వేరే ఊళ్ళో వేరేవాళ్ళు కూర్చుని రెండు రోజుల్లో మళ్ళీ లెక్కపెట్టారు. ఆపా కొట్టేసిన అంకెలకు దాదాపు సరిపోయింది. చచ్చిన పిల్లలు చచ్చినట్టు సరైన గడిలోకి చేరాయి, గ్రాఫులో గీత పడాల్సిన చోట పడింది. శాస్త్రానికి నావల్ల నష్టం ఏమీ కలగలేదు. నా అబద్ధం పని చేసింది ఒక్క మనిషి మీదే.

ఆ రెండో లెక్క సంగతి ఆపాకు ఫోన్ చేసి చెప్పాలని ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది. నంబరు నా దగ్గర ఉంది. మూడు నెలల తరువాత ఉద్యోగం మానేసినప్పుడు కూడా చేయలేదు. మానేయడానికి కారణం చదువుకుంటానని రాశాను. సార్ మంచి సర్టిఫికెట్ ఇచ్చారు. ఓపిక, కచ్చితత్వం ఉన్న అమ్మాయి అని అందులో ఉంది.

చెల్లెళ్ళారా, తమ్ముళ్ళారా, దీనిలోంచి నీతి తీసి చెప్పాలని ఉంది గాని దొరకడం లేదు. నిజం రాయండి అని గోడ మీద కూడా ఉంటుంది. మా గోడ మీద కూడా ఉండేది. జాలి చూపడం సులభమని మాత్రం తెలిసింది. చచ్చినవాటి మీద చూపితే ఎవరికీ ఖర్చు లేదనుకుంటాం. పక్క కుర్చీలో ఉన్న మనిషి మీద చూపాల్సినప్పుడు గొంతు రాదు. అక్కడ మళ్ళీ వాన పడుతూనే ఉంటుంది. ఇక్కడ ఎవరో ఒకరు కూర్చుని లెక్కపెడుతూనే ఉంటారు. దానివల్ల ఆగిన వాన ఒక్కటి కూడా లేదు.

ఆపాతో చివరిసారి మాట్లాడింది ఆమె ఆఖరి రోజు సాయంత్రం, కాలేజీ గేటు దగ్గర. ధర్మసాగర్ పోయే బస్సు కోసం నిలబడి ఉంది, ఆ దారిలోనే వాళ్ళ ఇల్లు. చేతిలో డబ్బా, సంచి, సొంతంగా తెచ్చుకున్న కుర్చీ దిండు. ఈసారి చెప్పేయాలని మెట్లు దిగి పరిగెత్తుకుంటూ పోయాను. "ఆపా, ఒక మాట చెప్పాలె" అన్నాను. అంతకు మించి రాలేదు.

ఆమె నేను ఏడుస్తాననుకున్నట్టుంది. భుజం మీద చెయ్యి వేసింది. ఫికర్ చేయకు, ఎట్లనో అట్ల ఎల్తది అంది. నీ ఫారం దొంగతనంగా చూసినందుకు మనసుల పెట్టుకోకు అని నన్నే బతిమాలింది. నేను తల అడ్డంగా ఊపాను. బస్సు వచ్చి ఆగింది. ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టి, దిండు చంకలో సర్దుకుని, వెనక్కి తిరిగింది.

"నా కండ్లకు ఆ పిల్లలు సచ్చిపోయినట్టే కనపడ్డయ్ చెల్లె. మూడు పొద్దులు ఇంటికి పోయి బువ్వ తినలే. నీ కాయితం చూసినంక, పోనీ తియ్, బతికే ఉన్నయ్ అని మస్తు సంబురపడ్డ."